సిద్ధమ్మ చేతిలో సత్రం బీగాలు

తిరుపతిలో చంద్రకాంతమ్మ సత్రం యాత్రికులది కాదు. పూల వ్యాపారంలో బాగుపడిన ఒక ఇల్లాలు, ఊళ్ళో దిక్కులేని ముసలివాళ్ళు తలదాచుకోవాలని ఏనాడో కట్టించి పోయింది. మధ్యలో ముంగిలి, చుట్టూ చిన్న చిన్న గదులు, వీధివైపు పొడుగాటి అరుగు. గదుల గుమ్మాలు మరీ పొట్టివి. సిద్ధమ్మ మనిషి పొడగరి కావడంతో, వచ్చిన కొత్తలో ఆమె నుదుటి మీద బొప్పి లేని రోజు ఉండేది కాదు.

ఆమెది చిత్తూరు దగ్గర పల్లె. బిడ్డల్లేరు. మొగుడు పోయాక కొన్నేళ్ళు మామిడి మండీలో కాయలు ఏరి, ఒళ్ళు సహకరించక సత్రం చేరింది. అరుగు మీద కూర్చుని పూలు కట్టేది. నోరు కాస్త దురుసు. కానీ ఎవరికి జ్వరమొచ్చినా తలాపున కూర్చునేది ఆమే.

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిది వానల్లో, ఆమె పక్కన ఉండే దేవకమ్మ గది మిద్దె ఒక మూల కూలింది. అదృష్టం, ఆ వేళకు దేవకమ్మ అరుగు మీద సిద్ధమ్మతో కబుర్లలో ఉంది. మొత్తం పడగొట్టి కొత్తది కట్టేద్దామన్నారు ధర్మకర్తలు. మేనేజరు సారంగపాణి ఒప్పుకోలేదు. గోడలూ స్తంభాలూ గట్టిగానే ఉన్నాయి, కప్పు మార్చి, గుమ్మాలు ఎత్తు చేసి, కరెంటు, కొళాయిలు, మరుగుదొడ్లు పెడితే చాలని వాళ్ళను ఒప్పించాడు. పని ముగిసేదాకా అందరూ పక్కవీధిలోని అద్దె ఇంట్లో ఉండాలి.

అందరూ మూటలు కట్టుకున్నారు. సిద్ధమ్మ మాత్రం కదలలేదు. మేస్త్రీ దొరస్వామి బతిమాలాడు, దేవకమ్మ తిట్టింది. చివరికి సారంగపాణి వచ్చి ఆమె గుమ్మం ముందు చతికిలబడి, ఎందుకింత పట్టుదల అని మెల్లగా అడిగాడు.

సిద్ధమ్మ పూలదారం వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"మా ఆయన పోయిన యేడు మా మరిది ఇట్లనే చెప్పినాడు సామీ. ఇంటి కప్పు మార్చాల, కొన్నాళ్ళు మీ పుట్టింట్లో ఉండి రా వదినా అన్నాడు. తిరిగి పోతే నా గదిలో వాళ్ళ కొడుకూ కోడలూ ఉండారు. వాకిట్లోనే మంచినీళ్ళు ఇచ్చి పంపించేసినారు."

ఉత్త మాట ఇచ్చి నమ్మమంటే చాలదని సారంగపాణికి అర్థమైంది. లేచి ఆఫీసు గదిలోకి వెళ్ళి, వీధి తలుపు బీగాల గుత్తి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"పని జరిగినన్నాళ్ళూ ఇవి నీ దగ్గరే ఉంటాయి అవ్వా. పొద్దున నువ్వు తీస్తేనే మేస్త్రీ లోపలికి వచ్చేది. సాయంత్రం నువ్వే వేసుకో. నేను రావాలన్నా నిన్నే అడగాల."

సిద్ధమ్మ గుత్తిని ఒకసారి తూచినట్టు చూసింది. మధ్యాహ్నానికి ఆమె మూట కూడా అద్దె ఇంటికి చేరింది.

ఇక చూడాలి ఆమె అధికారం. తెల్లారకముందే తలుపు దగ్గర నిలబడేది. ఆలస్యంగా వచ్చిన కూలీలను చెడామడా తిట్టి, ఎండ ముదిరాక వాళ్ళకే ముంతల్లో మజ్జిగ పోసేది. ఒకనాడు దొరస్వామి అరుగు తీసేసి మెట్లు కడదామంటే, "మేమంతా యాడ కూర్చోవాల, నీ నెత్తినా?" అంది. అరుగు అట్లాగే ఉండిపోయింది.

ఎండాకాలానికి సత్రం సిద్ధమైంది. సిద్ధమ్మ తల వంచకుండా తన గదిలోకి నడిచి, వెనక్కి వచ్చి, మళ్ళీ నడిచింది. దేవకమ్మ నవ్వుతుంటే తానూ నవ్వింది. బీగాలు తిరిగి ఇవ్వబోతే సారంగపాణి పుచ్చుకోలేదు.

మరుసటేడు గూడూరు నుంచి చెల్లెలు రమ్మని కబురు పంపింది. అంతదాకా ఆ అద్దె ఇంట్లో తప్ప ఏ రాత్రీ సత్రం దాటి పడుకోని సిద్ధమ్మ, బీగాలు దేవకమ్మకు అప్పగించి రైలెక్కింది. నింపాదిగా నెల ఉండి వచ్చింది. వస్తూ గోతం నిండా నిమ్మకాయలు తెచ్చి ముంగిట్లో కుమ్మరించింది. ఆ వారమంతా ముసలమ్మలు కొత్త కొళాయి కింద కాయలు కడగడం, ఉప్పు ఎంత వేయాలో తగువులాడుకోవడం. ఊరగాయ మొదటి జాడీ సారంగపాణి ఇంటికి వెళ్ళింది.