నా ఆధార్ నేనెవరికీ ఇవ్వలేదు

మా భవానీపురం వీధి జనానికి ఒంటి మీద బట్ట కాస్త జారితే సిగ్గు. ఆధార్ కార్డు ఊరంతా తిరిగినా సిగ్గు లేదు. లాడ్జీవాడు అడిగితే ఇస్తారు, చీరల కొట్టులో లక్కీ డ్రా అంటే ఇస్తారు. రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని సిమ్ములమ్మేవాడు "వేలు సరిగ్గా పడలేదండీ, ఇంకోసారి పెట్టండి" అంటే గంగిరెద్దుల్లా తలూపి మళ్లీ పెడతారు. ఆ రెండో ముద్రతో వాడు ఇంకెవడికి సిమ్ము అంటగట్టాడో ఒక్కడికీ పట్టదు.

మా పక్కింటాయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. వీధి వాట్సాప్ గ్రూపులో తన ఆధార్ రెండు వైపులా ఫొటో తీసి పెట్టాడు. ఎందుకయ్యా అంటే, అందులో ఫొటో ముసలాడిలా పడిందట, ఎలా మార్చుకోవాలో చెప్పాలట. ఆయనకు డెబ్బై దాటాయి. ముసలాడిలా కాక ఇంకెలా పడాలో నాకర్థం కాలేదు. గ్రూపులో రెండొందల మంది ఉన్నారు, ఒక్కళ్లు కూడా "అది తీసెయ్యండి" అనలేదు. పైగా నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

నేనలా కాదు. ముప్పై ఏళ్లు హైస్కూళ్లలో లెక్కలు చెప్పినదాన్ని, చల్లపల్లి నుంచి బెజవాడ దాకా. కాపీ ఇవ్వక తప్పనిచోట చివరి నాలుగంకెలే కనబడే కాపీ ఇస్తాను. దాని మీద అడ్డంగా ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చానో ఇంకుతో రాస్తాను. జిరాక్స్ కొట్టులో చెడిపోయిన కాపీ అడిగి తీసుకుని అక్కడే చింపుతాను. ఆధార్‌లోని నా వేలిముద్రలు ఇంకెవరూ వాడకుండా ఫోనులోంచే తాళం వేసుకున్నాను, పనిపడితేనే తీస్తాను. గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు కూడా ఓటరు కార్డే చూపిస్తాను. "టీచరుగారి ఆధార్ చూడాలంటే కొండ మీద దర్శనానికి నిలబడినట్టు క్యూలో నిలబడాలి" అని వీధిలో ఎగతాళి. నవ్వనీ, వెర్రి మొహాలు అనుకునేదాన్ని.

మా వీధిలో చేపలమ్మే ఆవిడ మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. ఆవిడది చల్లపల్లి దాటాక సముద్రం ఒడ్డున ఒక ఊరు, పెళ్లై ఇక్కడికొచ్చింది. భర్త పోయి ఆరేళ్లు. పొద్దున్నే నెత్తిన బేసినుతో వస్తుంది. చదువు రాదు. ఆవిడ వితంతు పింఛనుకు కాగితాలన్నీ నేనే నింపి పెట్టించాను. పని అయ్యాక మిగిలిన ఆధార్ కాపీలు ఇవ్వబోతే తీసుకోలేదు.

"తడి చేతులండీ టీచరుగారూ, మా ఇంట్లో కాయితం బతకదు. మీ కాడే ఉంచండి. మీ అంత జాగర్త ఎవరికుంటదండీ" అంది.

ఆ మాట నాకెంత తియ్యగా తగిలిందో ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఫైలు కవరులో పెట్టి బీరువాలో దాచాను.

మొన్న వేసవిలో ఒకరోజు ఉత్త చేతులతో వచ్చి అరుగు మీద కూలబడింది. పింఛను ఆగిపోయిందట. ఎందుకాగిందని వార్డు సచివాలయంలో అడిగితే, కరెంటు బాగా కాలే పెద్ద ఇల్లు నీ ఆధార్ మీద ఉంది, అలాంటి వాళ్లకు రాదు అన్నారట. "నాకు రెండు లైట్లు, ఒక ఫ్యానండీ. ఆ ఫ్యానూ మూణ్ణెల్లనించి తిరగట్లేదు" అంది. మోకాళ్ల నొప్పితో బేసిను ఎత్తలేని రోజులు నెలలో సగం. ఆ రోజుల్లో పొయ్యి వెలిగేది ఆ పింఛనుతోనే. అది పోతే కూతురి అత్తగారింట ఓ మూల పడి ఉండాలి, వాళ్ల మాటలు పడాలి. ఆవిడకు అన్నిటికన్నా భయం అదే.

నిజం చెప్పాలంటే నాకు జాలికన్నా ముందు గర్వం కలిగింది. నేను చెబుతూనే ఉన్నానా! ఎవడో ఆవిడ ఆధార్ వాడుకుని మీటరు పెట్టించుకున్నాడు. ఎక్కడెక్కడ ఇచ్చావో చెప్పమని నిలదీశాను. సిమ్ముకు, గ్యాసుకు, పొదుపు సంఘానికి, ఆసుపత్రిలో చీటీకి అంది. ఒక్కోదానికీ ఒక్కో క్లాసు పీకాను. "నీకసలు బుద్ధుందా? అడిగిన ప్రతివాడికీ ఇచ్చేస్తావా?" అని ఎండలో నిలబెట్టి తిట్టాను. పాపం, తప్పు చేసిన పిల్లలా తల వంచుకుని "బుద్ధి లేదండీ" అంది.

జిరాక్స్ కొట్టువాడి మీదకీ వెళ్లాను. వాడి బల్ల కింద చెత్త కాపీల కుప్ప చూసి నా ఒళ్లు మండిపోయింది. వందల మంది మొహాలు, నంబర్లు, వాటి మీద వాడి చెప్పులు. "ఇక్కణ్ణించే పోతున్నాయి జనాల బతుకులు" అని కేకలేశాను. వాడు ఇయర్‌ఫోన్ ఒక చెవిలోంచి తీసి, "ఎన్ని కాపీలు మేడం?" అన్నాడు. ఛీ, వీడితో నాకేమిటని వచ్చేశాను.

మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని సచివాలయానికి వెళ్లాను. ఆ దొంగ వెధవ అడ్రసు పట్టుకుని పోలీసులకు రాసిస్తానని దారి పొడుగునా చెప్పాను. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయితో కూడా అదే స్థాయిలో మాట్లాడాను. ఆ అమ్మాయి ఓపిగ్గా వెతికి, "మీటరు దొరికిందండి. చదువుతాను, రాసుకోండి" అంది. పెన్ను తీశాను. భవానీపురం అంది, రాశాను. వీధి చెప్పింది, రాశాను. డోరు నంబరు చెబుతుంటే సగం అంకెలు నా చెయ్యి అలవాటు కొద్దీ తానే రాసుకుపోయింది. ఆ తర్వాత మీటరు ఎవరి పేరున ఉందో చదివింది. అది చనిపోయిన మా ఆయన పేరు.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, మరిచిపోతేగా! పట్టించుకోవాల్సిన సంగతి అనిపించలేదు, అంతే. పోయినేడు ఒక మధ్యాహ్నం మీటర్లకు ఆధార్ కలపడానికి ఒకతను వచ్చాడు. నా నంబరు అడిగే హక్కు నీకెవరిచ్చారని అతనితో పావుగంట వాదించాను. చెమటలు కక్కుతూ, "అమ్మా, ఎవరిదో ఒకరిది ఇచ్చెయ్యండి, నాకింకా బోలెడు ఇళ్లున్నాయి" అన్నాడు. బీరువా తీశాను. ఫైలు కవరులో పైనే చేపలావిడ కాపీ ఉంది. తెచ్చి ఇచ్చాను. "ఇంట్లోవాళ్లదేనా అండీ?" అని అడిగాడు. "ఆఁ, మా మనిషిదే" అన్నాను.

ఆ సాయంత్రం మా చెల్లెలికి ఫోను చేసి, నాది ఇవ్వకుండానే వాణ్ణి ఎలా వదిలించుకున్నానో గొప్పగా చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. రెండు ఏసీలు, గీజరు, బోరు మోటారు ఆడే ఇంటిని తీసుకెళ్లి ఒక్క ఫ్యాను మనిషి నెత్తిన పెట్టానని నాకు తోచనే లేదు. చేపలమ్ముకునే మనిషి ఆధార్‌లో దోచుకోవడానికి ఎవడికేముంటుంది అనుకున్నాను. నాలుగంకెల కాపీలు, అడ్డంగా రాతలు, తాళాలు, అన్నీ నా ఒక్కదాని కోసమే. వీధి జనాన్ని వెర్రి మొహాలన్నాను. వాళ్లు పారేసుకుంటే వాళ్లదే పారేసుకున్నారు. నేను మాత్రం ఆవిడ నమ్మి దాచమని ఇచ్చినదాన్ని వాడుకున్నాను.

"ఎవరిల్లండీ?" అని చేపలావిడ నా మోచెయ్యి తట్టింది.

"మాదే" అన్నాను. మీటరువాడు వచ్చిన సంగతి కూడా చెప్పాను.

కంప్యూటరు అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఈవిడ నంబరు తీసెయ్యొచ్చండి. తీసేస్తే వచ్చే నెలనించి పింఛనుకు మళ్లీ పెట్టుకోవచ్చు. కాకపోతే ఖాళీగా ఉంచడానికి లేదు, ఈవిడ బదులు ఇంటివాళ్ల నంబరు ఎక్కించాలి. మీది చెప్పండి" అంది.

అంత జరిగాక కూడా, ఆవిడ పక్కనే నిలబడి ఉండగా కూడా, నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "నాది ఇవ్వక తప్పదా? వేరే దారేమీ లేదా?"

చేపలావిడ నా మొహంలోకి చూసింది. బేరం దగ్గర కూడా ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. అప్పుడూ పెంచలేదు.

"నాది ఇచ్చినప్పుడు ఈ మాట అడిగారాండీ?" అంది.

సంచీలోంచి నా ఆధార్ కార్డు తీసి ఆ అమ్మాయి ముందు పెట్టాను.