ముఖంలేని సైనికులు

అంతర్యుద్ధం రోజుల్లో, న్యూయార్కులో ఒక వారపత్రికకు అచ్చు వేసేందుకు చెక్క మీద బొమ్మలు చెక్కేవాడు సిలాస్. యుద్ధరంగం నుంచి వచ్చే చిత్రాల్లో శవాలకు ముఖాలుండేవి కావు. గుండ్ల మధ్య కూర్చున్న చిత్రకారుడికి అంత తీరికెక్కడిది? "ఇక్కడ ఇరవైమంది పడి ఉన్నారు" అని రాసి, నాలుగు గీతలు గీసి పంపేవాడు. చెక్కేవాళ్లే తమకు తెలిసినవాళ్ల ముఖాలు పెట్టేవారు.

ఆ మధ్యాహ్నం వంటింటి బల్ల మీదున్న చెక్కలో పడి ఉన్న సైనికుణ్ణి చూసి భార్య హల్దా కాఫీ గిన్నె కింద పెట్టేసింది.

"ఏమయ్యా, వీడు మన ఏమస్ కాదూ?"

సిలాస్ వంగి చూశాడు. చేతికి అలవాటైన ముఖం, తెలియకుండానే వచ్చేసింది. కొడుకు సైన్యంలో చేరి మూడు నెలలైంది. నెలగా ఉత్తరం లేదు.

"బొమ్మేగా."

"బొమ్మే అయితే తీసెయ్."

"తీస్తే ఇంకోటి పెట్టాలి. ఎవరిది పెట్టమంటావు? పక్కింటి అబ్బాయిదా?"

ఆ కుర్రాడూ యుద్ధంలోనే ఉన్నాడు.

సిలాస్ ఆ ముఖాన్ని తొలిచేసి, రంధ్రంలో కొత్త చెక్కముక్క బిగించాడు.

"నాది పెడతాలే. ఈ ముసలాణ్ణి ఎవరు పట్టుకుపోతారు?"

"నిన్నా? తిండి దండగని తిప్పి పంపుతారు," అంటూ హల్దా పెరట్లోకి వెళ్లింది.

సిలాస్ అద్దం ముందు పెట్టుకుని చెక్కసాగాడు. సైనికుడికి ఆ వయసు నప్పదని ముడతలు వదిలేశాడు. గడ్డం తీసేశాడు. బుగ్గలు కాస్త నింపాడు. అప్పుడు ఉలి ఆపి చూశాడు.

చెక్కలో మళ్లీ ఏమసే పడి ఉన్నాడు.

పెరటి తలుపు చప్పుడైంది. సిలాస్ ఆ ముఖం మీద అరచెయ్యి మూశాడు.