దత్తాత్రేయులు గారి భయం కేసు

కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన దత్తాత్రేయులు గారికి ఒకటే జబ్బు. ఇంట్లో ఏం జరిగినా విచారణ పెడతారు. సాంబారులో ఉప్పు ఎక్కువైతే ఉప్పుడబ్బాని పేరు పెట్టి పిలుస్తారు, కరివేపాకును సాక్ష్యం అడుగుతారు, చివరికి వాయిదా వేసి మజ్జిగన్నం తింటారు. భార్య హనుమాయమ్మ గారికి ఒళ్లు మండిపోయేది.

ఉప్పుడబ్బా వేరు, పసిపిల్ల వేరు. గంపలగూడెం రోడ్డు మలుపులో స్కూలు ఆటో ఒరిగిన దగ్గర్నుంచి మనవరాలు శ్రీజ ఆటో అంటేనే వణికిపోతోంది. దెబ్బ తగల్లేదు గానీ బడి ఆగిపోయింది. ఇలాగైతే ఏడాది పోతుందని స్కూలువాళ్లు చెప్పేశారు. బెజవాడ డాక్టరమ్మేమో, "భయాన్ని తిట్టకండి. అది నిజమో కాదో పాప చేతే ప్రశ్నలు అడిగించండి. ఆటోకి కొద్దికొద్దిగా అలవాటు చెయ్యండి" అంది. కోర్టు మనిషికి అంతకంటే ఏం కావాలి?

మర్నాడే జోజిబాబు ఆటో వాకిట్లో ఆగింది. దత్తాత్రేయులు గారు ఎక్కి, రాడ్డును రెండు చేతులా వాటేసుకుని, "నాకు భయమేస్తోంది తల్లీ. ఈ కేసు నువ్వే విచారించాలి" అన్నారు. ఇంకా ఇంజనైనా స్టార్టు చెయ్యలేదు.

హనుమాయమ్మ గారు గరిటెతో సహా బయటికొచ్చారు. "సిగ్గు లేదటండీ? పిల్ల భయంతో చస్తుంటే మీ నాటకాలేంటి?"

"కోర్టులో మాట్లాడకూడదు. వాయిదా."

తర్వాతి వాయిదాకి ఆటో వీధి చివరిదాకా కదిలింది. శ్రీజ పక్కన నడుస్తూ విచారించింది. ఆ పై వాయిదాకి, "జడ్జి గారు నడవడమేంటి, ఎక్కి కూర్చోవాలి" అన్నారు ముద్దాయి గారు. శ్రీజ తటపటాయించి, ఎక్కి, తాతయ్య చొక్కా పట్టుకుంది.

"ఆటో బోల్తా పడుతుందని ఏంటి సాక్ష్యం?"

"నా గుండె దడదడలాడుతోందండి."

"గుండె సాక్ష్యం చెల్లదు. రోజూ ఎన్ని ఆటోలు తిరగట్లేదు?"

"మొన్న ఒకటి ఒరిగిందండి."

శ్రీజ తాతయ్య చొక్కాని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "ఒరిగింది. మళ్లీ లేపారు కదా. నాకేం కాలేదు కదా" అంది.

వీధంతా నవ్వుకుంది. ఎదురింటి రిబ్కా, "సారుకి ఇంత పిరికితనమా అమ్మా" అనేసరికి హనుమాయమ్మ గారికి తల కొట్టేసినట్టయింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈ వినగడప నుంచి కోర్టుకి షేరాటో వెనక వేలాడుతూ వెళ్లిన మనిషి. కారం నషాళానికి అంటినా పైకి ఒప్పుకోని మనిషి. చేజేతులా పరువు తీసుకుంటుంటే చూస్తూ ఊరుకోవాలా? నిజం కక్కేద్దామని విసవిసా ఆటో దగ్గరికి వెళ్లారు.

శ్రీజ లోపల దర్జాగా కూర్చుని ఉంది. ఇన్నాళ్లకు భుజాన స్కూలు బ్యాగు ఉంది.

"బామ్మా, నువ్వే సాక్షివి. తాతయ్యకి నిజంగానే భయమా?"

హనుమాయమ్మ గారు భర్త వైపు చూశారు. ఆయన తల దించుకున్నారు. ఆవిడ మళ్లీ బ్యాగు వైపు చూశారు.

"భయమే తల్లీ. ఇంత పిరికి మనిషి జిల్లాలో లేడు. బల్లిని చూస్తే మంచమెక్కుతారు."

"బల్లి సంగతి ఇప్పుడెందుకే?" అన్నారు దత్తాత్రేయులు గారు.

"కోర్టులో మాట్లాడకూడదు" అన్నారు హనుమాయమ్మ గారు.

"బల్లి కేసు రేపటికి వాయిదా" అంది శ్రీజ. "జోజిబాబు మావయ్యా, స్కూలుకి పోనియ్యి. తాతయ్యని నేను పట్టుకుంటాలే."

ఆటో వెళ్లిపోయింది. నిజానికి బల్లిని చూస్తే మంచమెక్కేది హనుమాయమ్మ గారే. ఆ ఒక్క కేసుని మాత్రం దత్తాత్రేయులు గారు ఇన్నేళ్లలో ఒక్కసారీ విచారణకు రానివ్వలేదు.