మైకు గది గురించి నాలుగు వాక్యాలు

డిగ్రీ పాసై ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో, ఎనభైల చివర, నాకు దొరికిన మొదటి పని మైకు ముందు మాట్లాడటం. సిద్దిపేట బజారులో ఒక బట్టల దుకాణం పైన చిన్న గది ఉండేది. అందులో ఒక యాంప్లిఫయరు, ఒక మైకు, రెండు కుర్చీలు. అక్కడి నుంచి తీగలు బజారు స్తంభాల మీది నాలుగు లౌడ్‌స్పీకర్లకు వెళ్లేవి. రోజూ సాయంత్రం గంటసేపు వార్తలు, కూరగాయల ధరలు, దవాఖాన కబుర్లు చెప్పేవాళ్లం. తప్పిపోయిన పశువుల గుర్తులు కూడా చదివేవాళ్లం. తీగల మీద వచ్చేదాన్ని రేడియో అనకూడదేమో కానీ ఊరంతా దాన్ని రేడియో అనే అనేది.

మాట్లాడేవాళ్లం ముగ్గురం. తెలుగు నాది. ఉర్దూ వార్తలు ఒక రిటైరైన ఉర్దూ బడి సారు చదివేవారు. అంగడి రోజున తండాల నుంచి వచ్చేవాళ్ల కోసం, దవాఖానలో ఆయాగా పనిచేసే ఒక లంబాడీ ఆమె పావుగంటసేపు లంబాడీలో మాట్లాడేది. ఆమెను అందరం ఆయమ్మ అనేవాళ్లం. గదీ కరెంటూ కింది దుకాణం సేటువీ, ఆయన తోటి వర్తకులవీ.

రేడియో మొదలై ఐదేళ్లు నిండుతున్నాయని సేటు ఒక కరపత్రం వేయించాలనుకున్నాడు.

"నువ్వు తెలుగు సదివినవు గదా బిడ్డా. మన రేడియో గురించి నాలుగు మాటలు మంచిగ రాయి" అన్నాడు.

రెండు రోజులు కూర్చుని రాశాను. నాకున్న సమాసాలన్నీ అందులో పెట్టాను. "పట్టణ ప్రజల విజ్ఞాన వికాసాలకు వెలుగుబాటయై భాసిల్లుతున్న ఈ తెలుగు వాణి యందు ఉర్దూ సోదరులకు, లంబాడీ యాస మాట్లాడు గిరిజనులకు కూడా అవకాశము కల్పించబడుచున్నది." ఇలా ఒక పేజీ. సేటుకు బాగా నచ్చింది. మధ్యలో "వర్తకుల ఔదార్యముచే" అని ఒక ముక్క చేర్చి, ప్రెస్సుకు పంపుదామన్నాడు. సారుకు ఒకసారి చూపిస్తానన్నాను. దిద్దించుకుందామని కాదు. మెచ్చుకుంటారని.

సారు అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"బేటీ, ఈ రేడియోల మొదటి రోజు మాట్లాడింది ఎవరో ఎరికేనా?"

"మీరేనని విన్న సార్."

"ఏ జబాన్ల?"

"ఉర్దూల."

"మరి నాకు అవకాశం ఇచ్చింది ఎవరు?"

ఆయన గొంతులో కోపం లేదు. నెమ్మదిగా అన్నారు: "మా తాతల కాలం నుంచి ఈ ఊర్లనే ఉన్నం. నువ్వు నన్ను ఇంట్లకు పిలిచి, చాప పరిచి కూసోమన్నవ్. మంచిదే. కని నేను ముందుగాల్నే ఇంట్ల ఉన్న గద బిడ్డా."

"సోదరులు అని గౌరవంగానే రాసిన సార్" అన్నాను. ఏడుపు వచ్చేట్టుంది.

"గౌరవమే. నీ మనసు నాకు తెల్వదా? అందుకే నీకు చెప్పబుద్ధయింది."

నన్ను ఓదార్చడానికో ఏమో, ఆ వాక్యం స్థానంలో తాను ఒకటి రాసి ఇచ్చారు. గంగా యమునలు కలిసిన చోటట, గులాబీలు మల్లెలు ఒకే గుత్తిగా కట్టినట్టట. నాకు ఉక్రోషం ఆగలేదు.

"సిద్దిపేటల గంగ ఏడున్నది, యమున ఏడున్నది సార్?" అన్నాను.

సారు పెద్దగా నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చింది. నా చేతిలోని కాగితం తీసుకుని తన వాక్యాన్ని తానే కొట్టేశారు. అంత పెద్దాయన అంత సులువుగా తన మాట వదులుకోవడం నేను అప్పటిదాకా చూడలేదు.

తర్వాతి అంగడి రోజు ఆయమ్మ వచ్చింది. ఆమెకు చదువు రాదు. "నా గురించి ఏమో రాసినవంట, సదువు" అంది. చదివాను. ఆ వాక్యం చివరిదాకా విని చెయ్యి ఎత్తి ఆపింది.

"యాస అంటే ఏంది?"

"ఒక భాషను ఒక్కో జాగల ఒక్కో తీరుగ మాట్లాడుతరు గదా ఆయమ్మా, గది."

"మరి మాది దేని యాస?"

నిజం చెప్పాలంటే ఆ మాట రాసేటప్పుడు నేను ఆలోచించనేలేదు. అప్పుడే మెట్లెక్కి వచ్చిన సేటు అందుకున్నాడు.

"రాతనే లేదు గదా మీకు. రాత లేనిది భాష ఎట్లయితది?"

ఆయమ్మ దానికి వాదించలేదు. ఇంకొకటి అడిగింది. "సేటూ, మీ దుకాన్ల మాకు బట్ట అమ్ముతరా? మాకు గూడ బట్ట అమ్ముతరా?"

"గదేం మాట?" సేటు నవ్వాడు. "అంగడి రోజు మీరు రాకుంటే నా దుకాన్లకు వచ్చేటోళ్లెవరు?"

అన్నాక తన మాట తనకే తగిలినట్టుంది. సారు పక్కన కూర్చుని పాన్ నములుతున్నారు. సేటు నా వైపు తిరిగాడు.

"సరే, గా 'కూడా' అన్న మాట తీసెయ్యి. కని వర్తకుల పేరు ఉండాలె. కరెంటు ఊకె వస్తలేదు."

అది న్యాయమేనని ముగ్గురం ఒప్పుకున్నాం.

ఒక మాట తీసేస్తే సరిపోయేలా లేదు. అది పోగానే చుట్టూ ఉన్న సమాసాలన్నీ అబద్ధాల్లా కనిపించాయి. కొత్తగా రాయబోతే కలం కదల్లేదు. చివరకు ఒక వారం రోజులు రాయడం మానేసి, నోటుబుక్కుతో మైకు పక్కన కూర్చుని, ఏ రోజు ఏం చెప్పామో అది మాత్రం రాసుకున్నాను. నారాయణరావుపేట రైతు బర్రె తప్పిపోయింది, ఎడమ కొమ్ము విరిగి ఉంటుంది. మర్కూక్‌లో పిల్లలకు టీకాలు వేస్తున్నారు. రేషన్ చక్కెర వచ్చిందని సారు ఉర్దూలో చెప్పి, ఎవరికైనా తెలియకపోతే ఎట్లా అని తెలుగులోనూ చెప్పారు. ఆయమ్మ మాట్లాడుతుంటే కిటికీలోంచి చూశాను. కింద స్తంభం చుట్టూ ఆడవాళ్లు తలలెత్తి వింటున్నారు. ఒకామె లౌడ్‌స్పీకరుకే గట్టిగా జవాబు చెప్పింది. మిగతావాళ్లు నవ్వారు. ఏమందో నాకు అర్థం కాలేదు. మూడేళ్లుగా ఆ గదిలో ఉన్నా, అంతకుముందు ఎప్పుడూ కిటికీ దాకా వెళ్లి చూడలేదు.

వారం తర్వాత నాలుగు వాక్యాలు తేలాయి. "ఇది సిద్దిపేట మైకు రేడియో. ఇక్కడ ఉర్దూ, తెలుగు, లంబాడీ భాషల్లో మాట్లాడతాం. ధరలు, దవాఖాన కబుర్లు, తప్పిపోయిన వాటి గుర్తులు చెబుతాం. గది, కరెంటు బజారు వర్తకులు ఇచ్చారు."

"డిగ్రీ సదివి గింతేనా రాసేది?" అన్నాడు సేటు. మళ్లీ చూసి, "ఉర్దూ ముందెందుకొచ్చింది? ఊర్ల ఎక్కువ తెలుగోళ్లమే గదా?"

"అక్షరాల వరుస సేటూ. ఉ ముందు, త తర్వాత, ల ఆఖరుకు."

సేటు వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు. "సార్, గీ ఓనమాలు మీ దిక్కే మాట్లాడుతున్నయి" అన్నాడు. తెలుగు ముందు పెట్టినా తనకేం బాధ లేదని సారు అన్నారు. "వద్దు వద్దు, అక్షరాలతోని కొట్లాట ఎందుకు" అని సేటు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "భాష అని రాసుకోండి. కని నేను ఒప్పుకున్నట్టు గాదు" అన్నాడు. ఆ తర్వాత కూడా ఆయన ఒప్పుకోలేదు. అయినా ప్రెస్సులో ఒక్క అక్షరం మార్చనివ్వలేదు.

పసుపు కాగితం మీద కరపత్రాలు వచ్చాయి. అంగడి రోజున ముగ్గురం మైకులో చదివాం. నాదీ సారుదీ ఒక్క నిమిషంలో అయిపోయాయి. ఆయమ్మ మాత్రం ఐదు నిమిషాలు మాట్లాడింది. అంతసేపు ఏం చెప్పావని సారు అడిగారు.

"అమ్మాయి రాసింది శాన తక్కువున్నది సార్. జర కలిపిన."

కేబుల్ టీవీలు వచ్చాక లౌడ్‌స్పీకర్లను వినేవాళ్లు తగ్గిపోయారు. ఒకటి చెడిపోతే బాగు చేయించలేదు, తర్వాత ఇంకొకటి. అప్పటికి నేను బీఎడ్‌లో చేరాను. ఫారం నింపేటప్పుడు సారు పక్కనే కూర్చుని ప్రతి గడీ చూశారు. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు సేటు దుకాణంలోంచి చీర తీసి అమ్మ చేతిలో పెట్టాడు. ఆయమ్మ దవాఖాన గేటు దగ్గరే నన్ను పట్టుకుని, నా తల నిమిరి మెటికలు విరిచింది. నా రాతను ఎవరైనా అలా దిద్దుతారని, దిద్ది నన్ను చిన్నబుచ్చకుండా వదులుతారని నేను ఎక్కడా నేర్చుకోలేదు. ఆ ముగ్గురి దగ్గరే చూశాను.

నాకు వచ్చిన ఊరి బడిలో పిల్లలు సగం మంది తండా నుంచి నడిచి వచ్చేవాళ్లు. రిజిస్టరులో మాతృభాష అని ఒక గడి ఉండేది. పాత పేజీల్లో పైనుంచి కిందిదాకా తెలుగు అనే ఉంది, పైనొకటి రాసి, మిగతావాటికి అదేనన్న గుర్తుగా చుక్కలు పెట్టి. నేను ఒక్కొక్కరినీ పిలిచి, ఇంట్లో అమ్మతో ఎట్లా మాట్లాడుతావని అడిగి, వాళ్లు చెప్పింది రాశాను. ఆ రోజు తెలుగు పాఠం సాగలేదు. పీరియడంతా దానికే సరిపోయింది.