ఏడు సాగరాల నీళ్లు

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన పాతికేళ్లకు జరిగిన మాట ఇది. భైరవపాలెంలో సున్నం గుల్లలు ఏరుకుని బతికే పెద్దింట్లమ్మ, పోయిన మొగుడి తెరచాప పడవలో సప్తసాగర యాత్రకు సిద్ధపడింది. చొల్లంగి అమావాస్యనాడు మొదటి మునక, భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో ఆఖరి మునక. మధ్యలో గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే ప్రతిచోటా ఒక స్నానం. తెరచాప తమ్ముడు రాముడు చూసుకుంటాడు, దారి తను చెబుతుంది.

ఒడ్డున ఇసుకలో ఆమె పుల్లతో గీసిన దారి చూసి బావగారు పోతురాజు పెదవి విరిచాడు.

"మొన్నటి వరదకి ఇసుక తిప్పలన్నీ కదిలిపోయాయి. లోతెక్కడుందో మగాళ్లకే తెలీట్లేదు, నీకేం తెలుసు?"

"మీరు పడవలో కూచుని గెడ వేసి చూస్తారు. నేను గుల్లల కోసం రోజూ దిగి నడుస్తాను. మోకాల్లోతు ఎక్కడో, పీకల్లోతు ఎక్కడో నా ఒంటికి తెలుసండి," అంటూ ఆమె గీతను తూర్పుకి వంచింది. "ఆటుకి నీరు వెనక్కి తీసినప్పుడు కూడా ఇటు పడవకి అడుగు తగలదు."

పోతురాజు ఆ గీత పొడవునా తప్పు వెతికాడు, దొరకలేదు. తప్పు దొరకనివాళ్లకు ఆచారం ఉండనే ఉంది.

"ఆడది కాలు పెట్టిన పడవ, పసుపునీళ్లతో కడిగితేగానీ చేపల వేటకి పనికిరాదు. మరిచిపోయావా?"

పెద్దింట్లమ్మ చీర ఎగదోపుకుని, నీళ్లలోకి దిగి, పడవలో కుడికాలు పెట్టింది.

"పసుపునీళ్లెందుకు బావగారూ. ఏడు సాగరాల నీళ్లు బిందెతో తెస్తాను, వాటితో కడగండి. అవి చాలవంటే, ఆ మాట ఊరందరి ముందూ చెప్పండి."