చింతపండుతో తోమిన తూటా గొట్టాలు

టూంగాబీలో మేము అద్దెకున్నది ఒక ముసలి దంపతుల పెరట్లో. ముందున్న పెద్దిల్లు వాళ్ళది, వెనక రెండు గదులు మావి. మధ్యలో బట్టలుతుక్కునే గది ఒకటి రెండిళ్ళకీ ఉమ్మడి. ఆయన్ని అంకుల్ అనీ, ఆవిడని ఆంటీ అనీ పిలిచేవాళ్ళం. మా ఆయన సిటీలో ఏదో ఆఫీసులో కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పని చేసేవారు. రెండు వేల సంవత్సరం రాగానే మిషన్లన్నీ తిక్కపట్టి ఆగిపోతాయని ఆ ఏడంతా ఒకటే హడావిడి, ఆదివారాలు కూడా ఆఫీసే. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. మేనత్త కొడుకు కాబట్టి చేసుకున్నారు గానీ, లేకపోతే నేనెక్కడ, ఆస్ట్రేలియా ఎక్కడ. ఇంగ్లీషు నాకు కూరగాయల కొట్టు వరకు వచ్చేది. ఆపైన చేతులతో నడిపించేదాన్ని.

అంకుల్, ఆంటీ ఇద్దరూ తుపాకి కాల్చేవాళ్ళు. క్లబ్బుకి వెళ్ళి, ఎక్కడో దూరంగా నిలబెట్టిన అట్టకార్డు మీది గుండ్రాలకి గురిపెట్టడం వాళ్ళ సరదా. పెళ్ళైన కొత్తలో మొదలుపెట్టారట. ఇద్దరికీ చెరొక రైఫిల్. రెండూ ఒకే సైజువి, బాగా పాతవి. ఆ సైజు తూటాలు దుకాణాల్లో అమ్మడం ఎప్పుడో మానేశారు. అందుకని గ్యారేజీలో వాళ్ళే తయారుచేసుకునేవాళ్ళు. నాకు మొదట్లో భయం వేసేది గానీ, పోనుపోను ఆంటీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని చూసేదాన్ని.

తూటాకి వెనకాల ఉండే ఇత్తడి గొట్టం చూడ్డానికి బుల్లి కూజాలా ఉంటుంది. కింద లావు, పైన భుజం, ఆ పైన సన్నటి మెడ. పేల్చాక గుండు పోతుంది, గొట్టం మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, అచ్చులో పెట్టి మెడ బిగించి, తుపాకి మందు పోసి, మూతిలో కొత్త గుండు కూర్చోబెడతారు. అంకుల్ మందు తూచేవారు, ఆంటీ అచ్చు నొక్కే ప్రెస్సు పిడి లాగేవారు. లాగినప్పుడల్లా ఆవిడ పెదవి కొరుక్కునేవారు, అప్పడం ఒత్తేటప్పుడు మా అమ్మ చేసినట్టు.

ఆ ఏడు చివర్లో, అక్కడ ఎండలు మొదలయ్యే రోజుల్లో ఆంటీకి గుండె జబ్బు ముదిరింది. వెస్ట్‌మీడ్‌లో ఆస్పత్రిలో చేర్చారు. ఇంక ఇంటికి తీసుకెళ్ళే ఆశ పెట్టుకోవద్దని డాక్టర్లు అంకుల్‌కి చెప్పేశారు. ఆవిడకి కూడా తెలుసు. ఆవిడ కోరింది ఒకటే. క్లబ్బులో ఏడాది చివరి పోటీ వస్తోంది, దానికి ఆవిడ ఒక్కసారి కూడా తప్పలేదు. ఈసారి తన బదులు, తన రైఫిల్‌తో, తన తూటాలతో అంకుల్ కాల్చాలి. ఆ కార్డు తెచ్చి తన చేతికివ్వాలి. అంకుల్ సరేనన్నారు. ఆ మాట అన్నప్పుడు నేను మంచం పక్కనే పాయసం గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తయ్య గుంటూరు నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చింది. ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాదు. వచ్చిన వారానికే ఇంట్లో తోమడానికి ఏమీ మిగల్లేదు. ఒకరోజు బట్టల గదిలో అంకుల్ నానబెట్టుకున్న రెండు ఐస్‌క్రీమ్ డబ్బాలు ఆమె కంట పడ్డాయి.

"ఏందే అమ్మాయ్ ఇయ్యి, పొయ్యిలో పడి లేచినట్టున్నాయి? ఈ ఇంట్లో ఇత్తడి తోమే దిక్కే లేదా?"

"తుపాకి తూటాల గొట్టాలత్తయ్యా అవి. అంకుల్‌వి. ముట్టుకోబాక."

"తుపాకియ్యైతే ఏంది, ఇత్తడి ఇత్తడేగా! పాపం, ఆమె ఆస్పత్రిలో ఉంటే ఆయనకి చేసిపెట్టేదెవరు?"

నేను బజారుకి వెళ్ళొచ్చేసరికి పని అయిపోయింది. ఖాళీ గొట్టాలన్నీ పెద్ద బేసిన్‌లో పోసి, చింతపండూ ఉప్పూ వేసి, ఒక్కొక్కటీ రుద్ది, కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టింది. మా ఊళ్ళో పెళ్ళికి తీసిన బిందెలు కూడా అంత మెరవలేదు. డబ్బాలు కూడా తోమి, గొట్టాల్ని రెండింట్లోనూ సమంగా సర్ది పెట్టింది. అంకుల్ చూసి రెండు చేతులూ ఎత్తేశారు. "బ్యూటిఫుల్! బ్యూటిఫుల్!" అని అత్తయ్య చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఆమె సిగ్గుపడి కొంగు లాక్కుని, "చూశావా" అన్నట్టు నావైపు చూసింది.

ఆ తర్వాత ఆయన ఒక డబ్బాలోవి నింపుకుని, తన రైఫిల్‌తో ప్రాక్టీసు చేసి వచ్చారు. అన్నీ పేలాయి, ఇబ్బందేమీ లేదు. రెండో డబ్బాలోవి ఆంటీ రైఫిల్ కోసం నింపారు. అప్పటికే ఆయన చేతులు వణికేవి. ఆవిడ లాగే పిడి కూడా ఆయనే లాగాల్సి వచ్చేసరికి రోజుకి కొన్నే అయ్యేవి.

పోటీ ఆదివారం. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆంటీ రైఫిల్ తీసుకుని మైదానానికి వెళ్ళిన మనిషి, గంటలో తిరిగొచ్చేశారు. అత్తయ్య కిటికీలోంచి చూసి నన్ను పిలిచింది.

"అమ్మాయ్, ముసలాయన గ్యారేజీలో తలపట్టుకుని కూర్చున్నాడు. పో, ఏందో కనుక్కో. ఆమెకేమన్నా అయిందేమో."

ఆ రోజు మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. ముగ్గురం వెళ్ళాం. అంకుల్ చెప్పింది మా ఆయన మాకు తెలుగులో చెప్పారు. తూటా లోపలికి వెళుతోంది గానీ, బోల్టు మూసుకోవడం లేదు. బోల్టంటే తలుపు గడియ లాంటిదే, తూటా వెనక అది పూర్తిగా పడితేనే తుపాకి పేలేది. ఒకదానికి పడింది, తర్వాత మూడిటికి పడలేదు. ఆయన ఇంకేమీ పేల్చకుండా వచ్చేశారు.

"నాలుగు దెబ్బలేస్తే పడదా?" అంది అత్తయ్య.

మా ఆయన ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే అంకుల్ గబుక్కున తల అడ్డంగా ఊపారు. బలవంతం చేస్తే తూటా వెనక్కి పేలి మనిషి మొహమే పోతుందట.

గుండు మరీ బయటికి ఉందేమోనని మొదటి అనుమానం. రెండో డబ్బాలో మిగిలిన ఖాళీ గొట్టాల్లో ఒకటి తీసి, మందు పొయ్యకుండా గుండు మాత్రం పెట్టి, ఉత్తుత్తి తూటా ఒకటి చేశారు. మందు పోసినవాటిని ఇంట్లో తుపాకిలో పెట్టి చూడటం ఆయన పద్ధతి కాదు. గుండుని ఒక పిసరు లోపలికి నొక్కారు. పడలేదు. ఇంకాస్త నొక్కి, దాంతోపాటు మెడ కూడా మళ్ళీ బిగించబోయారు.

"నో నో అంకుల్, రెండూ ఒకేసారి మార్చకండి. వన్ చేంజ్, వన్ టెస్ట్. మా ఆఫీసులో ఇదే రూల్" అన్నారు మా ఆయన.

"వీడి ఆఫీసు సంగతి చెప్పేదేముంది" అంది అత్తయ్య. "ఏడాదిగా తేదీలు దిద్దుతానే ఉన్నారు, ఒక్క కేలండర్ కొనుక్కుంటే పోయేదానికి."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

నొక్కినా పడలేదు. చింతపండు పిప్పి ఏమన్నా ఇరుక్కుందా అని గుడ్డతో తుడిచి చూశారు, పడలేదు. ఇంక మిగిలింది ఎక్కడ రాసుకుంటోందో కనిపెట్టడం. దానికి గొట్టానికి నల్లరంగు పూసి లోపల పెట్టి తీస్తే, తగిలినచోట రంగు పోతుందట. ఆయన నల్ల పెన్ను ఎండిపోయి ఉంది. నేను ఇంట్లోకి పరిగెత్తి నా కాటుక భరిణె తెచ్చాను. ఆయన వేళ్ళు నిలవవు కాబట్టి నేనే వేలి కొసతో భుజం చుట్టూ, మెడ చుట్టూ పల్చగా పూశాను.

"దిష్టిచుక్క పెడతన్నావా ఏంది!" అంది అత్తయ్య. ఆమె మాట మా ఆయన చెబితే అంకుల్ కూడా నవ్వారు. ఆ సాయంత్రం మేము నవ్వింది అదొక్కసారే.

పెట్టి, బోల్టు తోసి, తీశారు. భుజం చుట్టూ కాటుక పోయి ఇత్తడి తళతళా కనపడుతోంది. అంకుల్ దాన్ని వెలుతురుకి ఎత్తి చాలాసేపు చూశారు. తర్వాత నెమ్మదిగా, "ఇది ఆమెది కాదు. నాది" అన్నారు.

అప్పుడు చెప్పారు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి, తూటా కూర్చునే చోట ఆ తుపాకి కడుపు ఎట్లా ఉంటే అట్లా తయారవుతుంది. పేరుకి ఒకే సైజైనా ఆయన రైఫిల్ కడుపు ఒక పిసరు పెద్దది, ఆంటీది చిన్నది. ఆవిడ గొట్టాలు ఆయనదాంట్లో పడతాయి, ఆయనవి ఆవిడదాంట్లో పట్టవు. వాళ్ళు మెడ మాత్రమే బిగించేవాళ్ళు, ఒళ్ళు ముట్టుకునేవాళ్ళు కాదు. అందుకే ఎవరివి వాళ్ళ డబ్బాలో ఉండేవి. ఆయనది పెద్ద లెక్క, ఆవిడవి కొన్నే.

మా ఆయన తల్లివైపు తిరిగారు. "అమ్మా, నువ్వు తోమినప్పుడు రెండు డబ్బాలూ కలిపావా?"

"కలపక? ఒకదాని తర్వాత ఒకటి తోమడానికి నాకేమన్నా పిచ్చా? అన్నీ ఒకే బేసిన్‌లో వేశా. తర్వాత ఒక డబ్బా నిండుగా, ఒక డబ్బా వెలితిగా ఉంటే బాగోదని సగం సగం సర్దా. ఏం, అన్నీ ఒకటే గదా?"

మా ఆయన ఈ మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెంసేపు పట్టింది. ఆ మెరుపు చూసిన సంతోషంలో డబ్బాలు సమంగా ఉన్న సంగతి తను కూడా గమనించలేదని అంకుల్ తల ఊపారు. "నో వర్రీస్" అన్నారు. అది వాళ్ళు దేనికైనా అనే మాటే.

మొదటి డబ్బాలో కలిసిన ఆంటీ గొట్టాలు ఇంక పనికిరావు. అవి ఆయన రైఫిల్‌లో పేలి, ఆ ఆకారం పట్టేశాయి. ఒళ్ళంతా నొక్కి భుజం కిందికి దించే అచ్చు వేరే ఉంటుందట. అలాంటిది ఉన్న స్నేహితుడు ఒక్కడే, అతను వేరే రాష్ట్రం, క్వీన్స్‌ల్యాండ్ వెళ్ళి ఉన్నాడు. దుకాణం శనివారం మధ్యాహ్నమే మూసేస్తారు. ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. రెండో డబ్బాలో నింపినవాటిలో ఆవిడవి ఎన్ని ఉంటే అన్నే, అవి కూడా రేపు మైదానంలో పెట్టి చూస్తేనే తెలిసేది.

"పడినన్ని ఆమెదాంతో కాల్చి, మిగతావి ఆయన తుపాకితో కాల్చమను" అంది అత్తయ్య. గొంతు తగ్గిపోయింది. "అట్ట మీద బొక్కకి పేరు రాసుంటదా? ఆమెకెట్టా తెలుసుద్ది?"

మా ఆయన అదీ చెప్పారు. అంకుల్ కోప్పడలేదు. "అది ఆమె కార్డు కదా" అని మాత్రం అన్నారు.

ఆ పూట అత్తయ్య అన్నం ముట్టలేదు. "చేతులు ఊరుకోవే నాకు. ఊరుకోవు" అని రెండు అరచేతులూ చూసుకుంటూ కూర్చుంది. నేను కూడా కంచం పక్కకి జరిపేశాను.

ఆదివారం మధ్యాహ్నానికి అంకుల్ వచ్చారు. నేను పాయసం గిన్నె సంచిలో పెట్టుకుని కారెక్కాను. మా ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయారు, మాట చెప్పిపెట్టే మనిషి లేడు. అంకుల్ కార్డు నా ఒళ్ళో పెట్టారు. పది చిల్లులు ఉండాల్సిన కార్డు మీద అయిదు. అన్నీ దగ్గర దగ్గరగా, నడుమనే ఉన్నాయి. ఆ వణికే చేతులతో ఎలా కొట్టారో నాకిప్పటికీ తెలియదు.

ఆంటీ దిళ్ళకి ఆనుకుని ఎదురుచూస్తున్నారు. జుట్టు దువ్వించుకున్నారు. కార్డు రెండు చేతులతో అందుకుని, దగ్గరగా పెట్టుకుని చూశారు. మొహం వెలిగింది. చిల్లుల మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. వేలు ఆగింది.

"మిగతావి?" అన్నారు. ఆ చిన్న మాటలు నాకు అర్థమయ్యేవే.

"అంతే లవ్. అంతే కుదిరింది."

"నా రైఫిల్ ఎప్పుడూ మొరాయించదే."

"మొరాయించలేదు. రైఫిల్ బాగుంది."

"మరి?"

అంకుల్ నావైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు. ఆ చూపు నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే మా అత్తయ్య మాట ఎత్తాలి, నేను ఎదురుగా ఉండగా ఆ పని ఆయన చెయ్యరు.

ఆంటీ కార్డు దుప్పటి మీదికి దించారు. "అమ్మేశావా దాన్ని?" అన్నారు. "ఇవి ఎవరిదో తుపాకి అడిగి కొట్టుకొచ్చావు కదా, అందుకే ఇన్నే. నాకు చెప్పాల్సింది."

"లేదు. లేదు, అమ్మలేదు."

ఇంక నేను ఊరుకోలేకపోయాను. "ఆంటీ, మై మదర్ ఇన్ లా వాష్. బోత్ బాక్స్ వాష్. మిక్స్" అన్నాను. రెండు చేతులతో తోమినట్టు, కలిపినట్టు చూపించాను. కూజా మెడ, భుజం, కడుపు, ఇత్తడి ఉబ్బడం, కాటుక, ఇవన్నీ నా కడుపులో తెలుగులో బారులు తీరి ఉన్నాయి. ఒక్కటీ నోట్లోకి ఇంగ్లీషై రాలేదు. మళ్ళీ అదే అన్నాను, ఇంకాస్త గట్టిగా. "వాష్. మిక్స్."

ఆవిడ నన్ను ఆప్యాయంగా చూశారు. మా అత్తయ్య అంకుల్ బట్టలు ఉతికిపెడుతోందని చెబుతున్నాననుకున్నారు. నా చెయ్యి నిమిరి, ఆమెకి థాంక్స్ చెప్పమన్నారు.

అంకుల్ ఆవిడ దిండు సర్దారు. ఆవిడకి ఆయాసం వస్తోంది. మాట పెరిగితే ఇంకా వస్తుంది. నర్సు వచ్చి చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ఏదో రాసుకుని వెళ్ళింది.

నర్సు వెళ్ళాక ఆంటీ కళ్ళు మూసుకునే అడిగారు.

"మంచివాళ్ళకే ఇచ్చావా?"

అంకుల్ మంచం అంచు పట్టుకుని ఉన్నారు. రైఫిల్ ఇంట్లో, ఇనప బీరువాలో, ఆవిడ కుట్టిన గుడ్డ సంచిలోనే ఉంది. పోటీ నుంచి రాగానే ఆయనే తుడిచి పెట్టారు. ఆయన చెబుతారని, ఇప్పుడైనా చెబుతారని నేను చూస్తున్నాను.

"మంచివాళ్ళకే" అన్నారు.

ఆవిడ తల ఊపి, కార్డు మీద చెయ్యి వేసి నిద్రపోయారు.