పావలా వంపు, అర్ధరూపాయి వంపు

మామ పోయిన కబురు నాకు పక్క వీధి నుంచి రాలేదు, పులివెందుల నుంచి వచ్చింది. ప్రొద్దుటూరులో ఆయన ఇంటికీ మా ఇంటికీ నడుమ పదకొండు ఇళ్లు, ఒక పిండిమిషను, అంతే. అయినా ఆ ఆదివారం పొద్దున పులివెందులలో ఉండే రిటైర్డు కండక్టరు ఫోను చేసి, "అప్పా, మీ మామ పోయినాడంట గదా, నీకు తెల్దా?" అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. అత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది.

"నీకు చెప్పేకి మనిషిని పంపిస్తాండా నాయనా. ముందు పులివెందులకు ఫోను చేసినా. 'ఏ ఆదివారమన్నా నేను పోలేకపోతే టేబులు మింద గుడ్డ తీయొద్దని చెప్పు, దుమ్ము పడుతాది' అని ఎన్నో తూర్లు చెప్పినాడు మనిషి."

తాను పోతే ముందుగా ఒక పూల్ టేబులుకు కబురు అందేటట్టు చేసుకున్న మనిషి గురించి నవ్వకుండా రాయడం నా వల్ల కాదు. నవ్వకుండా రాస్తే ఆయనకూ నచ్చేది కాదు. అయితే నవ్వడానికి మాత్రమే రాయడం లేదు. పన్నెండేళ్లుగా ఆయన నెత్తిన ఉన్న ఒక మాట నిజానికి నాది. మూడు ఊళ్ల వాళ్లూ చదివేటట్టు దాన్ని ఇక్కడ దించిపెట్టాలి.

మామ నాకు చుట్టం కాదు. వీధి మొత్తానికి మామ. బంగారం పని చేసేవాడు, అందులోనూ ముక్కుపుడకలు. ప్రొద్దుటూరులో బంగారం పని తెలిసినవాళ్లకు కొదవ లేదు గానీ, ముక్కుపుడక పెట్టుకున్న మనిషికి తుమ్ము వచ్చినా కదలకుండా కుదిర్చేది ఆయనొక్కడే అని పేరు. నేను గుడ్డల అంగట్లో గజంబద్ద పట్టినవాణ్ణి. చదువు మూడో ఫారంతో సరి. మిగతాది పొట్లాలు కట్టిన కాగితాలు చదివి నేర్చుకున్నాను. అందుకే నా జ్ఞానం చాలా విషయాల్లో సగంలో తెగిపోయి ఉంటుంది. అది వేరే కథ.

మామ అంగడి పైన మేడమీద పూల్ పార్లరు పెట్టారు. వచ్చేది కాలేజీ పిల్లకాయలు. వారం రోజులు నెత్తిమీద టక్కు టక్కు మోత భరించి, ఎనిమిదో రోజు మామ గొడవ పెట్టుకుందామని మెట్లెక్కాడు. ఓనరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామ గొడవ పెట్టుకోలేదు.

"టక్కుమనేది బాగనే ఉంది. నడమ నడమ ఆ చిర్రుమనేది ఏందబ్బా?"

ఆ చిర్రు ఏమిటో తెలియని వాళ్లకు చెబుతాను. పూల్ ఆడే కర్ర చివర మాత్రబిళ్లంత తోలుముక్క అంటించి ఉంటుంది. దాన్ని టిప్పు అంటారు. తెల్లబంతిని తాకేది అదొక్కటే. దాని వంపు సరిగా లేకపోయినా, నీలం సుద్దపొడి దానికి అంటకపోయినా, కర్ర బంతి మీద జారి చిర్రుమంటుంది. బంతి తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది. మామ కర్ర తీసుకుని చూస్తే టిప్పు చదునై, అంచులు పుట్టగొడుగులాగ బయటికి వచ్చి ఉన్నాయి. కిందికి తీసుకుపోయి, ఆకురాయితో రాసి, పావుగంటలో తెచ్చి ఇచ్చాడు. తరవాత చిర్రు వినబడలేదు. మామ కూడా కిందికి దిగలేదు. అరవై ఎనిమిదేళ్ల వయసులో కర్ర పట్టుకున్నాడు. ఆయన వెనకాలే నేను.

వంపు కొలవడానికి ఆయన దగ్గర ఒక డబ్బా ఉండేది. దానిలో ఒక పావలా, ఒక అర్ధరూపాయి. గుండ్రంగా రావాలంటే పావలా అంచు వంపు, కొంచెం చదునుగా ఉండాలంటే అర్ధరూపాయి అంచు వంపు. రాసిన టిప్పు పక్కన బిళ్లను ఆనించి, రెండింటినీ వెలుతురుకు ఎత్తి పట్టేవాడు. రెండు వంపులూ పక్కపక్కన పెట్టిన రెండు గాజుల్లా ఒకటిగా కనబడాలి. ఎక్కడైనా సందులో వెలుతురు కనబడితే మళ్లీ ఆకురాయి. పావలా ఇక చెల్లదని సర్కారు చెప్పినప్పుడు, "అంగట్లో చెల్లకుంటే ఏం? నా కాడ చెల్లుతాది" అన్నాడు.

ఎవరికి ఏ వంపు అనేది ఆయన ఆట చూసి చెప్పేవాడు కాదు. అన్నం గురించి అడిగేవాడు.

"పప్పు అంతా ఒకేసారి కలుపుకుంటావా, రవ్వంత రవ్వంత కలుపుకుంటావా?"

ఒకేసారి కలుపుకునేవాడికి అర్ధరూపాయి. వాడికి తొందర, నేరుగా కొడతాడు, చదును వాణ్ణి కాపాడుతుంది. కొంచెం కొంచెం కలుపుకునేవాడికి పావలా. వాడికి ఓపిక ఉంది, బంతిని పక్కన తాకి తిప్పగలడు. నన్ను అడిగినప్పుడు, "రవ్వంత రవ్వంత మామా" అన్నాను.

"అబద్ధం చెప్పాకు అల్లుడూ. మొన్న జమ్మలమడుగు పెండ్లిలో నీ పక్కనే కూచున్నా. పప్పు ఏసేటోడు గరిటె తీసేలోపల కలిపేసినావు. నీకు అర్ధరూపాయే."

నలుగురిలో అన్నాడు. నాకు గుచ్చుకుంది.

ఇంతలో పార్లరుకు రాబడి తగ్గింది. ఓనరు టేబులును పులివెందుల కండక్టరుకు ఇచ్చేస్తానన్నాడు. మామ అన్నం మానేసినంత పని చేశాడు. చివరికి పందెం కుదిరింది. జమ్మలమడుగులో ఒక టేబులు ఉంది, అక్కడ నేనూ కండక్టరూ ఐదు ఆటలు ఆడాలి. నేను గెలిస్తే టేబులు ప్రొద్దుటూరులోనే ఉంటుంది. మామ ఎందుకు ఆడలేదంటే, అప్పటికి ఆయన వంగితే లేపడానికి మనిషి కావాలి.

మామ నా కర్రకు కొత్త టిప్పు వేసి, అర్ధరూపాయి వంపు తీసి ఇచ్చాడు. పందానికి మూడు రోజుల ముందు కండక్టరు టేబులు కొలతలు తీసుకోవడానికని వచ్చి, నా కర్ర చూసి నవ్వాడు.

"అర్ధరూపాయి ఏసినాడా మీ మామ? పావలా ఆడేకి నీకు చెయ్యి రాదనా?"

ఆ మధ్యాహ్నం ఇంట్లో తలుపు వేసుకుని, గరుకు కాగితంతో నేనే పావలా వంపు తీశాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. మా ఊళ్లో మెరవని పనిని ఎవరూ పని అనరు. అంగట్లోంచి పట్టుగుడ్డ ముక్క తెచ్చి రుద్ది రుద్ది టిప్పును ముక్కుపుడకలాగ మెరిపించాను. "బంగారానికి మెరుపు, టిప్పుకు గరుకు" అని మామ వందసార్లు చెప్పాడు. మెరిసే తోలుకు సుద్దపొడి అంటదు. వందసార్లు విన్న మాట ఆ పూట ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

జమ్మలమడుగులో చెరి రెండు ఆటలు అయ్యాయి. ఐదో ఆటలో నాకు నల్లబంతి ఒక్కటే మిగిలింది. అది పడితే టేబులు మాదే, అదీ రంధ్రం అంచున. ఊదితే పడుతుంది. నేను ఊదవచ్చు. కానీ పావలా వంపు ఉంది కదా, తిప్పి కొట్టాను. చిర్రు. తెల్లబంతి టేబులు దాటి ఎగిరి కండక్టరు చేతిలోని టీ గ్లాసులో పడింది. ఆయన గ్లాసులోకి చూసి, "చక్కెర తక్కువైందనిన మాట నిజమే. అయితే ఇంత పెద్ద ముక్క ఎయ్యాల్నా అప్పా?" అన్నాడు.

ఆట పోయింది, అందరూ నవ్వారు. ఓనరు మాత్రం మామ వైపు చూసి, "పెద్దాయన చెయ్యి పోయినట్టుండాది" అన్నాడు. నోరు తెరవడానికి నాకు కావలసినంత సమయం ఉంది. తెరిచాను కూడా. "టిప్పు జారింది" అన్నాను.

మామ లేచి వచ్చాడు. నా కర్ర తీసుకుని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. బ్లేడుతో టిప్పు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. కోపంతో పారేయడానికి అనుకున్నాను. "పాండి, బస్సు పోతాది" అన్నాడు.

ఆ తరవాత టిప్పు వేయమని ఎవరూ ఆయనకు కర్ర తెచ్చి ఇవ్వలేదు. అక్కడితో ఆగితే బాధ లేదు. ముక్కుపుడకకు వచ్చిన ఒక ముసలమ్మ, "కండ్లు బాగ కనపడతాండాయా ఆచారీ?" అని అడిగింది. నేను అక్కడే స్టూలు మీద ఉన్నాను. "బాగ కనపడతాండాయమ్మా. అందరూ కనపడతాండారు" అన్నాడు మామ. నేను ఆకురాయి వైపు చూస్తూ కూర్చున్నాను.

టేబులు పులివెందుల పోయింది. మేమూ దాని వెంట పోయాం, ప్రతి ఆదివారం, జమ్మలమడుగు మీదుగా బస్సులో. ఇంట్లో గండి ఆంజనేయస్వామి దర్శనం అని చెప్పేవాళ్లం. అత్తమ్మ రెండు నెలలు నమ్మింది.

"శనివారం దేవుడు మీకు ఆదివారం యాడ దొరుకుతాండాడు? చేతి యేళ్లకు ఈ నీలం విభూతి ఏంది?"

బస్సులో కిటికీ సీటు ఎప్పుడూ నాకే ఇచ్చేవాడు. ఒకసారి ముద్దనూరు దాటాక ఉన్నట్టుండి, "తోలు గదా అల్లుడూ, ఎవురు రుద్దితే వాళ్ల మాట వింటాది" అన్నాడు. నేను కిటికీలోంచి శనగచేలు చూశాను. చేలలో అప్పుడు శనగ కూడా లేదు. ఇలా పన్నెండేళ్లలో ఎన్ని ఆదివారాలు ఉంటాయో లెక్క వేయవద్దు. నేనూ వేయలేదు.

కర్మలన్నీ అయ్యాక అత్తమ్మ పిలిచి డబ్బా చేతిలో పెట్టింది. పావలా, అర్ధరూపాయి, ఒక మడత కాగితం. కాగితంలో ఆ రోజు టిప్పు. ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. మామ చేతిలోంచి అలాంటి మెరుపు ఒక్క టిప్పు మీద కూడా రాలేదు, ఆ సంగతి ఆయనకు ఆ కిటికీ దగ్గరే తెలిసిపోయి ఉంటుంది.

"నువ్వు ఎప్పుడన్నా అడుగుతావని పెట్టినాడు నాయనా. నువ్వు అడగలా. ఇంక నేను పెట్టుకొని ఏం చేసుకుందు?"

అందుకే రాస్తున్నాను. జమ్మలమడుగులో జారింది మామ చెయ్యి కాదు. ఆ టిప్పు నేను రుద్దినది.

ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడి, టిప్పు పక్కన పావలా ఆనించి, ఆయన పట్టినట్టే ఎత్తి పట్టాను. ఒక పక్క బాగానే కుదిరింది. రెండో పక్క సందు. దారంత సన్నగా, ఎండ అంతా దానిలోంచే వస్తున్నట్టు, వెలుతురు.